బడి మీదుగా దిగే విమానాలు: ఒక ఊళ్ళో పది నెలల శబ్ద కొలత

ఐదో తరగతి గదిలో టీచరమ్మ బోర్డు మీద భిన్నాల లెక్క రాస్తూ రాస్తూ చేయి ఆపింది, మాటా ఆపింది. సుద్దముక్క బోర్డుకు అంటుకునే ఉంది. పిల్లల్లో ఒక్కరూ తలెత్తి పైకి చూడలేదు. ఇద్దరు ముగ్గురు పలక తుడుచుకున్నారు, ఒకడు పక్కవాడి పెన్సిలు లాక్కున్నాడు. పైన రేకులు గలగలమన్నాయి, శబ్దం పెరిగి పెరిగి మెల్లగా పడమటికి జారిపోయింది. నేను చేతి గడియారం చూసుకుంటూ ఉన్నాను: పద్దెనిమిది సెకన్లు. టీచరమ్మ ఆగిన అక్షరం దగ్గర్నుంచే మళ్ళీ అందుకుంది. ఆ గంటలో అలా తొమ్మిదిసార్లు జరిగింది.

ఆ తొమ్మిదింటినీ పట్టుకోవడానికి పది నెలలు ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీల్లో, రోడ్ల పక్కన, జనరేటర్ల దగ్గర శబ్దం కొలవడం నా పని. విమానం కింద ఉన్న ఊళ్ళో కొలవడం అదే మొదటిసారి. నాలాగా పర్యావరణ ఇంజినీరింగ్ పని చేసేవాళ్ళకూ, రన్‌వే కొసన ఊరున్న సర్పంచులకూ పనికొస్తుందని నా నమ్మకం. విమానాశ్రయం పేరు, ఊరి పేరు రాయడం లేదు. మాట్లాడుకోవాల్సిన పని ఇంకా సగంలో ఉంది, పేరు పెడితే అది తగాదా అయిపోతుంది.

ఊరు తెలంగాణలో ఉంది. రన్‌వే తూర్పు పడమరలుగా పరుచుకుని ఉంటుంది. దాని తూర్పు కొస నుంచి ఊరికి సుమారు నాలుగు కిలోమీటర్లు. రన్‌వే గీతను తూర్పుకు పొడిగిస్తే అది ఊరి చెరువు మీదుగా పోతుంది. బడి ఆ గీతకు ఉత్తరాన మూడు వందల మీటర్ల దూరంలో ఉంటుంది. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది కాబట్టి చెరువు మీదకు వచ్చేసరికి రన్‌వే మట్టానికి సుమారు 225 మీటర్ల ఎత్తున ఉంటుంది. బడి ఆవరణ నుంచి ఏటవాలుగా చూస్తే 375 మీటర్లు. కిటికీలు లెక్కపెట్టేంత దగ్గర.

డిసెంబరులో కొలిచిన వారం

నేను వెళ్ళేసరికే ఊరిమీద ఒక రిపోర్టు ఉంది. అంతకుముందు ఏడాది డిసెంబరులో ఎవరో వచ్చి గ్రామ పంచాయతీ డాబా మీద మీటరు పెట్టి, వారం రోజులు కొలిచి, శబ్దం పరిమితి లోపలే ఉందని రాసి వెళ్ళారు. ఊళ్ళోవాళ్ళకు అది అబద్ధం రాసినట్టు అనిపించింది. సర్పంచి ఆ కాగితం నా చేతిలో పెట్టి, "సారూ, వీళ్ళు వచ్చిన వారం మా ఊరి మీద విమానాలే తక్కువ. ఆగస్టుల రమ్మనుండ్రి, అప్పుడు రాయమనుండ్రి" అన్నాడు.

నేను ఆ కాగితాన్ని రెండు రోజులు చదివాను. అందులో అబద్ధం లేదు. లెక్క సరిగ్గానే ఉంది, మీటరు మంచిదే. కానీ కొలిచిన కాలం తప్పు, కొలిచిన చోటు తప్పు.

విమానం గాలికి ఎదురుగా ఎక్కుతుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. మన దక్కన్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి వీస్తుంది. ఆ నాలుగు నెలలు విమానాలు తూర్పు నుంచి వచ్చి దిగుతాయి, అంటే ఈ ఊరి నెత్తిమీదుగా, ఒకే గీత మీద, ఒకదాని వెనక ఒకటి. చలికాలంలో గాలి తూర్పుకు తిరుగుతుంది. అప్పుడు దిగేవి పడమటి వైపు నుంచి వస్తాయి, ఈ ఊరి వైపుకు ఎక్కేవి పోతాయి. ఎక్కే విమానం ఊరి దగ్గరకొచ్చేసరికి చాలా పైకి పోయి ఉంటుంది, పైగా కొన్ని ఉత్తరానికీ కొన్ని దక్షిణానికీ మళ్ళిపోతాయి. డిసెంబరు వారం చూసి ఏడాదంతా ఇంతేనని రాయడం, వేసవిలో చెరువు చూసి ఈ ఊళ్ళో నీళ్ళు లేవని రాయడం లాంటిదే. సర్పంచి ఏ ఇంజినీరింగూ చదవకుండా ఈ మాటే చెప్పాడు. మొదటి రోజే ఆయన మాట పట్టుకుని నడిచి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి.

చోటు సంగతి కూడా అంతే. పంచాయతీ డాబా బస్సురోడ్డు పక్కన ఉంది. రోడ్డు రొద మీటరును నింపేస్తే విమానం దానిలో మునిగిపోతుంది. పక్కనే నీళ్ళ ట్యాంకు గోడ ఉంది, శబ్దం దానికి తగిలి తిరిగొస్తుంది. అందుకే మేం బడి ఆవరణ మధ్యలో ఇనప పైపు పాతి, ఆరు మీటర్ల ఎత్తున మైకు పెట్టాం. విమానాశ్రయాల చుట్టూ మనిషి కాపలా లేకుండా శబ్దం కొలిచే పద్ధతికి ఐఎస్‌వో 20906 అనే అంతర్జాతీయ ప్రమాణం 2009 నుంచీ ఉంది. ఎత్తు, చుట్టూ ఖాళీ, క్లాస్ 1 (అన్నిటికంటే కచ్చితమైన రకం) మీటరు, అన్నీ దాని ప్రకారమే. మీటరు ఒక కాలేజీ ల్యాబు నుంచి అరువు తెచ్చాం. పైపు, సోలార్ ప్యానెల్, బ్యాటరీ ఊళ్ళోవాళ్ళు చందా వేసుకుని కొన్నారు.

కోతులు, కప్పలు, గడియారం

మొదటి నెల డేటా మొత్తం పారేశాను. ఎందుకో చెప్తాను, ఈ పని చేయబోయేవాళ్ళకు రిపోర్టులకంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ముందు కోతులు. మైకు మీద గాలి చప్పుడు తగలకుండా స్పాంజి గుండు ఒకటి ఉంటుంది. మూడో రోజే కోతులు దాన్ని పీకి ముక్కలు చేశాయి. కొత్తది వేశాం, వారం నిలిచింది. పక్షులు వాలకుండా పెట్టే ఉక్కు ముళ్ళు తెప్పించి బిగించాం, వాటిని పట్టుకునే పైకెక్కాయి. చివరికి బడిలో అటెండరు పైపు చుట్టూ నిలువెత్తున తుమ్మకంప కట్టాడు. ఆ తర్వాత ఒక్క కోతీ దాని జోలికి రాలేదు. నా దగ్గరున్న ఏ మాన్యువల్‌లోనూ తుమ్మకంప ఊసు లేదు.

తర్వాత గడియారం. విమానం ఏదో తెలుసుకోవడానికి చిన్న ఏడీఎస్‌-బీ రిసీవరు పెట్టాం. దాదాపు ప్రతి విమానమూ తన గుర్తు, చోటు, ఎత్తు రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. ఆ మాటలను 1090 మెగాహెర్ట్జ్ మీద విని రాసుకునే పెట్టె అది. మీటరు ఫలానా క్షణంలో మోత వచ్చిందంటుంది, రిసీవరు ఆ క్షణంలో నెత్తిమీద ఏ విమానం ఉందో చెబుతుంది. రెండూ కలిపితేనే ఆ మోత విమానానిదని రుజువు. రెండు వారాల తర్వాత చూస్తే చిన్న ఏటీఆర్ విమానాలు పెద్ద జెట్‌ల కంటే ఎక్కువ మోత చేస్తున్నట్టు వచ్చింది. ఎంతసేపు తల పట్టుకున్నా అర్థం కాలేదు. చివరికి చూస్తే మీటరు గడియారం రోజుకు కొన్ని సెకన్ల చొప్పున వెనకబడుతూ వచ్చింది. విమానాలు రెండు మూడు నిమిషాలకొకటి వచ్చే వేళల్లో ఒకదాని మోత ఇంకోదాని ఖాతాలో పడింది. అప్పట్నుంచి మీటరు గడియారాన్ని కూడా రోజూ జీపీఎస్ సమయానికి సరిచేయించాం. శబ్దం 375 మీటర్లు ప్రయాణించడానికి పట్టేది ఒక్క సెకను పైచిలుకే, దాని గురించి దిగులు పడక్కర్లేదు. దిగులు పడాల్సింది గడియారం గురించి.

ఎత్తు దగ్గర ఇంకో గుంట ఉంది. ఏడీఎస్‌-బీ చెప్పే ఎత్తు ప్రామాణిక వాయుపీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ అనుకుని లెక్కగట్టింది. నైరుతి రుతుపవనాల్లో మన దగ్గర పీడనం దానికంటే బాగా తగ్గుతుంది. తొమ్మిది హెక్టోపాస్కల్స్ తగ్గిందంటే విమానం అసలు ఎత్తు కంటే సుమారు 75 మీటర్లు పైన ఉన్నట్టు తెరమీద కనిపిస్తుంది. 225 మీటర్ల దగ్గర 75 అంటే మూడో వంతు తేడా. ఆ రోజు పీడనం తెచ్చి సరిచేయకుండా లెక్కలోకి తీసుకెళ్తే విమానాలన్నీ పద్ధతికి మించిన ఎత్తులో వస్తున్నాయని రాసి ఊరికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ఇక కప్పలు. జూన్ మూడో వారంలో చెరువు నిండింది. ఆ రాత్రి నుంచి మీటరులో రాత్రి సగటు ఒక్కసారిగా పైకి లేచింది. నాకు లోపల సంతోషమేసింది, ఇదిగో దొరికింది రుజువు అనుకున్నాను. రికార్డింగు తెరిచి విన్నాను. విమానాలు ఉన్నాయి గానీ, వాటి మధ్య తెల్లవార్లూ కప్పలు, కీచురాళ్ళు. ఆ సగటులో పెద్ద వాటా వాటిదే. అదే అంకె పట్టుకుని ఎయిర్‌పోర్టు వాళ్ళ దగ్గరకు వెళ్ళి ఉంటే, వాళ్ళు రికార్డింగు వినిపించి మమ్మల్ని వెనక్కి పంపేవాళ్ళు, తర్వాత మేం ఏం చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. అందుకని సగటును పక్కనపెట్టి ఒక్కొక్క మోతనూ విడదీశాం. విమానం మోత గ్రాఫులో గుట్టలా ఉంటుంది: ముప్పై, నలభై సెకన్లలో ఎక్కి దిగుతుంది, బరువంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. కీచురాళ్ళది మూడు కిలోహెర్ట్జ్ పైన సన్నని గీతలా ఆగకుండా సాగుతుంది. మోటారు సైకిలు చటుక్కున లేచి చటుక్కున పడుతుంది. బోరు మోటారు బల్లపరుపు. గుట్ట ఆకారం, రిసీవరులో విమానం, రెండూ ఉంటేనే లెక్కలోకి తీసుకున్నాం. వాన పడుతున్న గంటలు, గాలి జోరుగా ఉన్న గంటలు తీసేశాం. ఏ మోత మీద కాస్త అనుమానం ఉన్నా దాన్ని వదిలేశాం. ఊళ్ళో కుర్రాళ్ళకు అది నచ్చలేదు, మన విమానాలు మనమే తగ్గించుకుంటున్నామని అడిగారు. తగ్గించిన లెక్కను ఎవరూ కాదనలేరని చెప్పాను.

సగటు ఏం దాస్తుంది

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు, ఈ మొత్తం తగాదా ఆ లెక్కలోనే ఉంది.

ఒక విమానం వచ్చిపోయినప్పుడు దాని మొత్తం శబ్దశక్తిని ఒక్క సెకనులో కుక్కితే వచ్చే అంకెను ఎస్‌ఈఎల్ అంటారు. ఎంత బిగ్గరగా అన్నదీ, ఎంతసేపు అన్నదీ రెండూ అందులో ఉంటాయి. బడి దగ్గర ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి దిగేటప్పుడు అది సుమారు 85 వచ్చింది, మోత గరిష్ఠంగా 75 డెసిబెల్స్ చుట్టుపక్కల. వానాకాలపు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అలాంటివి 28 దిగాయనుకోండి. 85కు 28 విమానాల వాటా 14.5 కలిపి, ఎనిమిది గంటల్లోని 28,800 సెకన్లకు 44.6 తీసేస్తే 55 డెసిబెల్స్ సగటు వస్తుంది. ఇదే రాత్రి ఎల్‌ఈక్యూ.

ఈ 55 ఎక్కువా తక్కువా? ఏ పుస్తకం తెరుస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 పరిమితి. ఆ ప్రకారం పది డెసిబెల్స్ ఎక్కువ. 2018 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ విమానాశ్రయ ప్రాంతాలకు వేరే ప్రమాణం పెట్టింది: ఏడాదికి విమానాలు ఎక్కడం, దిగడం కలిపి 50,000 దాటే చోట పగలు 70, రాత్రి 65. ఇప్పటికే ఉన్న మిగతా విమానాశ్రయాల దగ్గర 65, 60. ఆ ప్రకారం ఊరు నిక్షేపంగా ఉంది. ఒకే ఊరు, ఒకే రాత్రి, ఒకే అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో విమానాల శబ్దం రాత్రిపూట 40 దాటకుండా ఉంటే మంచిదని చెప్పింది. అది సలహా, చట్టం కాదు.

పరిమితి సంగతి అలా ఉంచండి. సగటు అనే లెక్కకు ఒక గుణం ఉంది: విమానాలు 28 నుంచి 14కు తగ్గితే సగటు తగ్గేది మూడే డెసిబెల్స్. 55 కాస్తా 52 అవుతుంది. రాత్రి పద్నాలుగుసార్లు లేచే మనిషికీ ఇరవై ఎనిమిదిసార్లు లేచే మనిషికీ మధ్య తేడా కాగితం మీద మూడు అంకెలు. అటు చూస్తే, 95 ఎస్‌ఈఎల్ ఉన్న పాత పెద్ద సరుకు విమానం ఒక్కటి దిగితే పది ఏ320లతో సమానం. సగటు తప్పుడు లెక్క కాదు, మ్యాపు గీయడానికి, ఏడాదిని ఏడాదితో పోల్చడానికి అది కావాలి. కానీ ఊళ్ళో మనిషి దాన్ని ఎప్పుడూ వినలేదు. వినేది ఒక్కొక్క విమానాన్నే.

సిడ్నీలో ఇదే తగాదా వచ్చింది. 1994 నవంబరులో అక్కడ మూడో రన్‌వే తెరిచాక జనం రోడ్డెక్కారు, ముందే ఇచ్చిన శబ్దం మ్యాపులు తమను మోసం చేశాయన్నారు. 2000లో ఆస్ట్రేలియా రవాణా శాఖ సగటుతో పాటు ఇంకో అంకె కూడా ప్రజలకు చెప్పాలని ప్రతిపాదించింది: రోజుకు 70 డెసిబెల్స్ దాటిన విమానాలు ఎన్ని. దానికి ఎన్‌70 అని పేరు. బయట 70 అంటే ఇంట్లో దాదాపు 60, మాట్లాడుకునేవాళ్ళు ఆగిపోయే స్థాయి. ఎవరికైనా అర్థమవుతుంది. మేం అదే పట్టుకున్నాం. బడి వేళల్లో, అంటే తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, 70 దాటినవి గంటవారీగా రాసి గోడమీద అంటించాం. మొదటి పేరాలో చెప్పిన తొమ్మిది అలా దొరికినవే. చలికాలంలో అదే గదిలో కూర్చుంటే అదే గంటలో ఒకటో రెండో వచ్చేవి.

రేకుల గది, తలుపులు కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. అలాంటి గది బయటి శబ్దంలో పది, మహా అయితే పదిహేను డెసిబెల్స్ ఆపుతుంది. బయట 75 అంటే లోపల 60 దాటుతుంది. టీచరు గొంతు వెనక బెంచీకి చేరేసరికి అంతకంటే తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో తరగతి గదిలో సగటు 35 దాటొద్దని చెప్పింది. మన బడుల్లో విమానం లేకపోయినా 35 ఎక్కడుంటుంది అంటారు, నిజమే. కానీ 2005లో లండన్ హీత్రూ, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్, మాడ్రిడ్ బరాహాస్ విమానాశ్రయాల చుట్టూ తొమ్మిది పదేళ్ళ పిల్లలు 2,800 మందికి పైగా చదివే 89 బడుల్లో చేసిన పరిశీలనలో, విమానాల శబ్దం పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకోవడం తగ్గింది. బ్రిటన్ పిల్లల్లో ప్రతి ఐదు డెసిబెల్స్‌కు దాదాపు రెండు నెలల వెనకబాటు. అంతకుముందు మ్యూనిక్‌లో ఇంకా స్పష్టంగా కనిపించింది. 1992 మేలో పాత విమానాశ్రయం మూసి ఊరికి దూరంగా కొత్తది తెరిచారు. పాతదాని చుట్టూ ఉన్న పిల్లల చదువు, జ్ఞాపకం మెరుగుపడ్డాయి. కొత్తదాని చుట్టూ ఉన్నవాళ్ళవి తగ్గాయి. 2008 మార్చి 23న బేగంపేటలో ఆగి శంషాబాద్‌లో మొదలైన మోత గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ రెండు గుంపుల పిల్లలే గుర్తొస్తారు.

మిస్డ్ కాల్

రాత్రి సంగతి మీటరు సగమే చెబుతుంది. మోత ఎంతో చెబుతుంది, నిద్ర లేచారో లేదో చెప్పదు. మహిళా సంఘంలో పన్నెండు మందికి లాంగ్ నోట్‌బుక్కులు ఇచ్చి, మెలకువ వచ్చినప్పుడల్లా టైము రాయమన్నాం. వారం తర్వాత చూస్తే అందరి పుస్తకాల్లోనూ "2 గంటలు", "3 గంటలు". పొద్దున లేచి గుర్తున్నంత రాశారు. నిమిషం తెలియనిదే ఏ విమానమో తెలియదు. మళ్ళీ కూర్చున్నాం. అప్పుడు సంఘం లీడరమ్మ అంది, "సారూ, రాసుడెందుకు? మెలకువొస్తే మీకు మిస్డ్ కాల్ ఇస్తం. ఫోన్ల టైము పడ్తది గద."

ఒక పాత ఫోను కొని, దానికో సిమ్ వేసి, సైలెంటులో పెట్టి నా టేబులు మీద ఉంచాను. పొద్దున్నే కాల్ లిస్టు దించుకోవడం, మీటరు పక్కన పెట్టుకోవడం. ఎవరు చేశారన్నది కాదు, ఎప్పుడన్నదే రాసుకున్నాం. విమానం పోయిన రెండు నిమిషాల్లోపు వచ్చిన కాల్‌నే విమానానికి జతచేశాం.

కొన్ని కాల్స్‌కు ఏ విమానమూ దొరకలేదు. కుక్కలు, బర్రె ఈనడం, చంటిపిల్ల ఏడుపు, అవీ చెప్పారు. నాకు దానితోనే నమ్మకం కుదిరింది, వీళ్ళు విమానాల మీద కక్షతో చేయడం లేదని. జతకుదిరిన వాటిలో నేను ఊహించనిది ఒకటి కనిపించింది. ఎక్కువమంది లేచింది ఎక్కువ మోత చేసిన విమానానికి కాదు. పన్నెండు తర్వాత కాసేపు ఆకాశం ఖాళీగా ఉంటుంది, ఊరు గాఢనిద్రలోకి జారుకుంటుంది, ఆ తర్వాత ఒకటిన్నర, రెండు మధ్య వచ్చే మొదటి విమానానికి. దాని వెనక వచ్చేవాటికి కాల్స్ తగ్గేవి, ఎందుకంటే అప్పటికే లేచి ఉన్నారు. పన్నెండు మంది, ఒక ఊరు, ఒక వానాకాలం. దీన్ని సిద్ధాంతం చేయను. కానీ రాత్రి విమానాల గురించి మాట్లాడేటప్పుడు "మొత్తం ఎన్ని" అని మాత్రమే అడిగితే ఆ మొదటి విమానం కనపడదు.

ఇంకో మాట. పాశ్చాత్య దేశాల మార్గదర్శకాలన్నీ మనిషి నాలుగు గోడల మధ్య పడుకుంటాడనే అనుకుంటాయి. ఈ ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో సగం ఊరు డాబాల మీద, వాకిట్లో నులకమంచాల మీద పడుకుంటుంది. అక్కడ గోడ ఆపే పది డెసిబెల్స్ కూడా లేవు. పడక గదిలో గరిష్ఠం 45 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకం. ఆకాశం కిందే పడక గది అయినప్పుడు దాన్ని ఎలా అన్వయించాలో ఏ పుస్తకమూ చెప్పదు. మా రిపోర్టులో ఆ రెండు నెలలకు ఇంటిలోపలి లెక్క అసలు ఇవ్వలేదు, బయటిదే ఇచ్చాం.

తండా అవ్వ విన్న సీటీ

మా రెండో మైకు అదే గీత మీద ఇంకా తూర్పున, రన్‌వేకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండాలో. అక్కడ విమానం ఆరు వందల మీటర్ల పైన ఉంటుంది, మోత బడి దగ్గరకంటే చాలా తక్కువ. నిజానికి ఆ మైకు పోలికకు పెట్టాం, ఫిర్యాదు ఉంటుందనుకోలేదు. బ్యాటరీ మార్చడానికి పోయినప్పుడు ఒక అవ్వ పక్కకొచ్చి కూర్చుంది.

"బిడ్డా, ఇది సీటీ గూడ రాసుకుంటదా?"

"సీటీ ఏంటవ్వా?"

"కొన్ని ఇమానాలు ఉత్తగ ఉరుముతయి. కొన్ని ముందుగాల సీటీ కొట్టుకుంట వస్తయి. గా సీటీయే నాకు తలకాయల తిరుగుతది."

రికార్డింగులు తీసి ఫ్రీక్వెన్సీవారీగా చూశాను. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. ఏ320 కుటుంబం విమానాల రెక్కల అడుగున ఇంధన ట్యాంకుల పీడనం సర్దే గుండ్రటి రంధ్రాలుంటాయి. దిగడానికి వేగం తగ్గించుకుంటూ వచ్చేటప్పుడు వాటి మీదుగా గాలి పోయి, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు కూత వస్తుంది. చక్రాలు, రెక్కల వెనక ఉండే ఫ్లాపులు పూర్తిగా దించాక ఆ రొదలో కూత కలిసిపోతుంది, అందుకే బడి దగ్గర అది వినిపించదు, తండాలో వినిపిస్తుంది. రంధ్రం ముందు చిన్న రేకు ముక్క బిగిస్తే పోతుంది. లుఫ్తాన్సా 2014లో తన విమానాలకు అది పెట్టించడం మొదలుపెట్టింది, ఇప్పుడు కొత్తవి దానితోనే వస్తున్నాయి. మామూలు డెసిబెల్ లెక్కలో ఆ కూత విడిగా కనపడదు, మొత్తం అంకెలో కలిసిపోతుంది. ఆ చెవి లేకపోతే నేను ఎన్నటికీ వెతికేవాణ్ణి కాదు. మా సూచనల్లో అన్నిటికంటే చవకైనది అదే: ఈ విమానాశ్రయానికి వచ్చే పాత ఏ320లలో ఆ ముక్క లేనివి ఎన్నో తేల్చి, ఆయా కంపెనీలకు రాయడం.

బల్ల మీద పెట్టినవి

అక్టోబరులో ఎయిర్‌పోర్టు వాళ్ళతో కూర్చున్నాం. సర్పంచి, బడి పెద్దసారు, సంఘం లీడరమ్మ, నేను. నేను రెండు కాగితాలు పెట్టాను. ఒకటి సగటుల పట్టిక: డిసెంబరు రిపోర్టు అంకె, మా చలికాలపు అంకె, మా వానాకాలపు అంకె. వాళ్ళ డిసెంబరు అంకె, మా చలికాలపు అంకె దాదాపు ఒకటే వచ్చాయి. అది ముందే చెప్పాను, మీ కొలత తప్పు కాదని. రెండోది ఒక్క రాత్రి కాగితం: ఏ నిమిషానికి ఏ విమానం, ఎంత ఎత్తున, ఎంత మోత, ఎన్ని మిస్డ్ కాల్స్. బల్లకు అటువైపు ఉన్న పెద్ద అధికారి మొదటి కాగితాన్ని పక్కకు జరిపి రెండోదాన్ని వేలితో గీత గీత చదివాడు. ఎదురు ప్రశ్నలు వేశాడు: వాన రాత్రులు తీశారా, మైకు కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో) ముందూ వెనకా చూశారా, గడియారం దేనికి సరిచేశారు. మొదటి నెల పారేయడం ఆ పూట అక్కరకొచ్చింది.

నివారణ దగ్గర నేను ఊరికి చేదు నిజాలు కూడా చెప్పాల్సి వచ్చింది. ఎక్కడో చదివి కుర్రాళ్ళు "కంటిన్యువస్ డిసెంట్ పెట్టించండి" అన్నారు. విమానాన్ని మెట్లు మెట్లుగా కాకుండా ఒకే జారుడుగా దింపే పద్ధతి అది. మంచిదే, కానీ దాని మేలు ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతలి ఊళ్ళకు. నాలుగు కిలోమీటర్ల దగ్గర ప్రతి విమానమూ అప్పటికే ఆ మూడు డిగ్రీల గీత మీదే ఉంటుంది. బడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రాత్రిపూట గాలి నెమ్మదించినప్పుడు దిశ మార్చి పడమటి నుంచి దింపడం ఇంకో దారి. వెనకగాలి ఐదు నాట్ల (గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల) లోపు ఉంటే మామూలుగా అలా దింపవచ్చు, వానాకాలంలోనూ ఒంటిగంట దాటాక అలాంటి గంటలు ఉంటాయి. ఊరు దీన్నే గట్టిగా అడగమంది. నేను అడిగాను, ఒక షరతుతో: పడమటి వైపు ఊళ్ళోనూ ముందు కొలవాలి. మన నెత్తిమీద మోత తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడమైతే, వాళ్ళు ఎవరో, ఎంతమందో, అక్కడా బడి ఉందో లేదో తెలియకుండా పెట్టకూడదు. సర్పంచి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆళ్ళను గూడ అడుగుదం సారూ, ఆళ్ళూ మనసోంటోళ్ళే" అన్నాడు.

అమెరికాలో మినియాపొలిస్ విమానాశ్రయం చుట్టూ 39 శబ్ద కొలత స్తంభాలు ఏడాది పొడుగునా నడుస్తాయి, ఎవరైనా చూసుకోవచ్చు. అయినా ఎవరి ఇంటికి శబ్దం ఆపే కిటికీలు పెట్టివ్వాలన్నది స్తంభాల అంకెలతో కాదు, కంప్యూటరు మోడల్ గీసిన గీతలతో తేలుస్తారు. ఆ గీత కూడా ఊరికే రాలేదు, విమానాశ్రయం మీద మూడు పట్టణాలు కోర్టుకెళ్తే 2007లో కుదిరిన ఒప్పందంతో వచ్చింది. మీటరు పెట్టించుకోగానే పని అయిపోదని ఊళ్ళోవాళ్ళకు ఈ సంగతి చెప్పాను. మీటరు రుజువుకు, ఆ రుజువుతో ఏం చేస్తారన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఇప్పటిదాకా జరిగింది ఇది. వానాకాలం నాలుగు నెలలూ బడిలో తమ మీటరు పెడతామని, సగటుతో పాటు 70 దాటిన విమానాల సంఖ్య కూడా ఊరికి ఇస్తామని ఎయిర్‌పోర్టు వాళ్ళు రాసిచ్చారు. బడిలో చిన్న తరగతులను రేకుల గదుల నుంచి దక్షిణం వైపు స్లాబు గదుల్లోకి మార్చారు, పెద్ద తరగతులు ఇంకా రేకుల కిందే ఉన్నాయి. రాత్రి దిశ మార్పు మీద జవాబు రాలేదు. మరోవైపు చెరువుకు అవతల, సరిగ్గా ఆ గీత కింద, కొత్త వెంచరుకు రాళ్ళు పాతారు. బోర్డు మీద ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలని రాసి ఉంది. ప్లాటు చూడటానికి వచ్చేవాళ్ళు ఆదివారం పగలు వస్తారు. కొనేవాళ్ళకు ఆగస్టు రాత్రి రెండింటి కాగితం చూపించే పద్ధతి ఎక్కడా లేదు, ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. పంచాయతీ నోటీసు బోర్డు మీద ప్రస్తుతానికి మా కాగితమే అంటించి ఉంది.

నవంబరు మొదటి వారంలో గాలి తూర్పుకు తిరిగింది. బడి పైపు విప్పి, తుమ్మకంపతో సహా ఆటోట్రాలీలో వేసుకుని పడమటి ఊరికి వెళ్ళాం. అక్కడా రేకుల బడే. గుంత తవ్వుతుంటే ఐదారుగురు పిల్లలు చుట్టూ మూగారు. కాంక్రీటు ఆరడానికి మూడు రోజులు ఆగమన్నాడు మేస్త్రీ. ఈ ఊళ్ళో ఇంకా ఎవరి నంబరూ మా దగ్గర లేదు. పాత ఫోనును లీడరమ్మే తెచ్చి, ఆ ఊరి సంఘం వాళ్ళ మధ్య కూర్చుని, మిస్డ్ కాల్ ఎలా ఇవ్వాలో చూపించడం మొదలుపెట్టింది.